వీరన్న బొటనవేలు

ఎమ్మిగనూరు బజారులో తిక్కయ్య గుడ్డలంగడికి రెండు కొలతలుండేవి. ఒకటి ఇనుప గజంకడ్డీ. దాని రెండు కొసలా సర్కారు ముద్ర ఉండేది. రెండోది ఆ కడ్డీ పట్టే వీరన్న బొటనవేలు. దానికి ఏ ముద్రా లేదు. నందవరం నుంచి, సి.బెళగల్ నుంచి బండ్లు కట్టుకొని వచ్చే జనం మాత్రం ముద్రను చూసి రాలేదు, వేలిని చూసి వచ్చారు.

గుడ్డ కొలవడం తెలిసినవాళ్లకు ఈ వేలి సంగతి తెలుసు. గుడ్డ తాను విప్పి, అంచును కడ్డీ మీద లాగి, గజం ముగిసిన చోట బొటనవేలితో నొక్కి పట్టాలి. రెండో గజం అక్కడినుంచి మొదలు. వేలు కడ్డీ కొసకు బయట పడి, దాన్ని దాటిన తర్వాత రెండో గజం మొదలైతే, గజానికొక వేలెడు గుడ్డ కొన్నవాడికి ఊరికే వస్తుంది. వేలు కొసకు లోపల పడితే అంతే గుడ్డ అంగడివాడికి మిగులుతుంది. కడ్డీ రెండు సార్లూ కడ్డీయే. తేడా అంతా మనిషిలో ఉంది.

వీరన్న వేలు ఇరవై ఏండ్లుగా బయటే పడింది. మగ్గం నేసిన చేయి అది. ఒక్కొక్క పోగూ తన కాళ్ల కింది నుంచి ఎట్లా వస్తుందో తెలిసినవాడు గనక గుడ్డ మీద గౌరవం ఉండేది, దాన్ని కట్టుకునేవాళ్ల మీద ఇంకొంచెం ఎక్కువ ఉండేది. జనం ఆ కొలతకు ఎంతగా అలవాటు పడ్డారంటే, ఇంట్లో లెక్కలే దాని ప్రకారం వేసుకునేవారు. రవికకు ఇంత, దుప్పటికి ఇంత, మనిషి పోతే నాలుగు గజాలు. ఆ నాలుగు గజాల్లో నాలుగు వేళ్లు కలిసే ఉన్నాయని వాళ్లెవరూ విడిగా ఆలోచించలేదు.

తిక్కయ్య కూడా అదే వీధిలో పుట్టాడు. వీరన్న మగ్గం గుంత పక్కనే అతని మగ్గం గుంత. అయితే తిక్కయ్య పాతికేండ్లకే మగ్గం వదిలి మూట భుజాన వేసుకున్నాడు, ముప్పైకి అంగడి పెట్టాడు. దాన్ని తెలివి అన్నారు. సరే, తెలివే. కాకపోతే ఆ తెలివి దేనిమీద వాలినా దాన్ని కొంచెం చిన్నది చేసి లేచేది.

అంగడి ముందు మంచినీళ్ల కుండ పెట్టిన రోజే అతను దాని లెక్క తేల్చాడు. నీళ్లు మోసేదానికి ఒక మనిషి కావాలి, అది దండగ. కానీ నీళ్లు తాగినవాడు కూర్చుంటాడు, కూర్చున్నవాడు చూస్తాడు, చూసినవాడు కొంటాడు. కాబట్టి కుండ ఉండాలి. గ్లాసులు రెండెందుకు? ఒకటి తీసేస్తే రెండోవాడు వంతు కోసం నిలబడతాడు, నిలబడ్డంత సేపూ చీరలు చూస్తాడు. ఒక గ్లాసు తీసేశాడు. ఊరి చివరి పేటలోని క్రైస్తవులకు ఆ గ్లాసు ఇచ్చేవాడు కాదు. దోసిలి పట్టమని పైనుంచి పోసేవాడు. క్రిస్మసు నెల రాగానే మాత్రం వాళ్ల కోసం ఒక సత్తు గ్లాసు బయట గూట్లో వెలిసేది, ఎందుకంటే తెల్లగుడ్డలు కొనేది ఆ నెల్లోనే. జనవరి రెండో వారానికి గ్లాసు లోపలికి పోయేది. తిక్కయ్యకు దీన్లో సిగ్గేమీ కనిపించలేదు. సిగ్గుకు గజం రేటు తెలియదు గదా.

ఖర్చు లేనిది ఒక్కటే అతను ధారాళంగా ఇచ్చేవాడు. మూట కట్టుకొని గడప దిగే ప్రతి మనిషికీ "మళ్ళీ రాండప్పా, మళ్ళీ రాండమ్మా" అనేవాడు. పిల్లికి కూడా అన్నాడని బజార్లో నవ్వుకునేవారు.

ఒక్క చావుగుడ్డ దగ్గరే ఆ మాట అనకూడదు. ఆ పద్ధతి అందరికీ తెలుసు. చావుగుడ్డకు బేరం ఉండదు. కత్తెర పెట్టరు, చేత్తో చించుతారు. తీసుకొనిపోయేవాణ్ని వెనక్కి పిలవరు, మళ్ళీ రమ్మనరు. ఆ పని తిక్కయ్య ఎప్పుడూ ముట్టుకోలేదు. అపశకునమని వీరన్నకే వదిలేసేవాడు.

అంగడికి బేళ్లు మోసేది యేసేపు. పేటలో ఉండే హమాలీ. ఆరడుగులకు పైమాటే. బేలు వీపున పెట్టుకుంటే గడపలో వంగాల్సి వచ్చేది, దించినాక కూడా అలవాటుగా వంగే లోపలికి చూసేవాడు. ఒకసారి వీరన్న ఎవరికో చావుగుడ్డ చించుతుంటే యేసేపు బయట నిలబడి మెడ తుడుచుకుంటూ అన్నాడు:

"అన్నా, నాకెంత కావాల?"

"నోర్ముయ్. చావుగుడ్డ కాడ పరాచికాలా?"

"పరాచికం కాదన్నా. బతికినన్ని దినాలు యా దుప్పటీ నా కాళ్లకు సరిపోల్యా. చలికాలమంతా కాళ్లు బయట, నెత్తి లోపల. ఆ ఒక్క దినమన్నా కాళ్లు లోపల పెట్టు."

"నాలుగు గజాలు చాలు నీకు. నీ కాళ్లు నా పూచీ. పో, బేలు దించు."

యేసేపు పెద్దగా నవ్వి బేలు దించాడు. ఆ మాట అక్కడితో అయిపోయింది.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడాది తిక్కయ్య ఆదోనికి ఎక్కువగా తిరిగాడు. సరుకు కోసం అని చెప్పేవాడుగానీ, అక్కడి పత్తి మార్కెట్లో కూర్చొని వచ్చేవాడు. రైతు తెచ్చిన పత్తిలో నాణ్యం చూస్తామని కొనేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కొక్క పిడికెడు తీస్తారు. చూసిన పిడికెడు వెనక్కి వేయరు. సాయంత్రానికి ఆ పిడికిళ్లన్నీ కలిసి ఒక బోరెం బస్తా నిండుతుంది. ఆ బోరెం చూసి తిక్కయ్యకు కళ్లు చెమర్చాయని చెప్పినా నమ్మవచ్చు. తిరిగి వచ్చిన రోజే వీరన్నను గల్లాపెట్టె పక్కకు పిలిచాడు.

"వీరన్నా, దినానికి ఎన్ని గజాలు కొలుస్తాండావు?"

"నూరు. సంతకైతే ఎక్కువ."

"గజానికి ఒక యేలు. నూరు గజాలకు నూరు యేళ్లు. సుమారుగా మూడు గజాలు దినామూ బజార్లో పారబోస్తాండావు. నెలకు రెండు తాన్లప్పా! ఇన్నేళ్లల్లో ఎన్ని యేళ్లు పోయినాయో లెక్క పెట్టుకో."

తన మాటలోని చమత్కారానికి తనే నవ్వాడు. వీరన్న నవ్వలేదు.

"జనం వచ్చేది ఆ యేలికే గదా సావుకారీ."

"వచ్చేది నీ యేలు బయటుంది అని నమ్మి. నమ్మకం ఉంటే చాలు, యేలు యాడుంటే ఏమి? ఒగేసారి వద్దు. మొదట చావుగుడ్డలో పెట్టు."

"చావుగుడ్డలోనా?"

"దాన్ని ఎవురూ బేరం చెయ్యరు. ఇంటికి పోయి కొలుసుకోరు. బాగలేదని వాపసు తేరు. సెప్పు, అంతకన్నా మంచి గిరాకీ యాడుంది?"

ఈ మాట చెప్పేటప్పుడు తిక్కయ్య ముఖంలో దుర్మార్గం ఏమీ లేదు. ఉన్నా బాగుండేది. లెక్క కుదిరిన పిల్లవాడి సంతోషం ఉంది అందులో. వీరన్నకు అతని మీద ఏవగింపు పుట్టింది. పుట్టిందే గానీ, మరునాడు వచ్చిన చావుగుడ్డకు వేలు లోపల పెట్టాడు. వయసు యాభై దాటింది. మగ్గం గుంత పూడ్చి ఎన్నో ఏండ్లయింది. ఇంకొక అంగడివాడు ఈ వయసులో పిలుస్తాడా అని మనసు ఏవో సాకులు చెప్పింది. ఏవగింపు మనసులో ఉంచుకొని పని చేసినంత కాలం అది తనను శుభ్రంగా ఉంచుతుందని అనుకున్నాడు. అట్లా అనుకునేవాళ్లు ఎమ్మిగనూరులో వీరన్న ఒక్కడే కాదు.

రెండు నెలలకు ఆ లోపలి వేలు రవిక గుడ్డల్లోకి వచ్చింది. నాలుగో నెలకు అన్నిట్లోకి వచ్చింది. ఎవరూ అడగలేదు. పంచె కురచైతే గుడ్డ ఉతుకులో కుదించుకుపోయిందన్నారు. రవిక బిగుతైతే కుట్టినవాణ్ని తిట్టారు. తూనికలు కొలతలు చూసే అధికారి వచ్చి కడ్డీని తన కడ్డీ పక్కన పెట్టి చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. తిక్కయ్య ఆయనకు సోడా తెప్పించాడు. వీరన్న చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు.

భార్య ఉరుకుందమ్మ ఒక్కతే కనిపెట్టింది. పండక్కి వీరన్న తెచ్చిన రవిక గుడ్డను మోచేతితో కొలిచి, మళ్ళీ కొలిచి, అతని ముందు పెట్టింది.

"ఎవురు కొలిసింది?"

"నేనే."

"నాకు గూడా లోపలేనా?"

"చెయ్యి అట్లే పోయింది లేవే."

"అట్లే పోయిందా! నీ యేలు నీదా, తిక్కయ్యదా? తేల్చుకోపో. నీ జీతమే ఆయప్పది, యేలు గూడా అమ్మినావని నాకు తెల్వకపాయ."

వీరన్న రవిక గుడ్డను మడిచి పక్కన పెట్టాడు. ఆ ప్రశ్న మాత్రం వేలికి అంటుకొని అంగడికి వచ్చింది, రోజూ.

ఆ ఎండాకాలంలో యేసేపు పోయాడు. బస్సు మీదినుంచి బేలు దించుతూ కూలబడ్డాడు, మళ్ళీ లేవలేదు. కొడుకు ఇస్సాకు అంగడికి వచ్చి గడప బయటే నిలబడ్డాడు. కండ్లు వాచి ఉన్నాయి.

"పెదనాయనా, నాయనకు... నాలుగు గజాలు. నువ్వే కొలవాలంట. మా యమ్మ సెప్పింది."

వీరన్న తెల్లగుడ్డ తాను తీశాడు. యేసేపు గడపలో వంగి చూసే చూపు అక్కడే ఉన్నట్టుంది. మొదటి గజం లాగాడు, రెండోది లాగాడు. మూడోదానికి కిందికి చూస్తే వేలు కడ్డీ కొసకు లోపల ఉంది. అతను పెట్టలేదు. అదే పోయి కూర్చుంది. ఇప్పుడు దిద్దవచ్చు, చివర జానెడు వదిలితే సరిపోతుందని అనుకున్నాడు. గల్లాపెట్టె దగ్గరినుంచి తిక్కయ్య కళ్లు కడ్డీ మీద ఉన్నాయి.

"నాలుగాయె వీరన్నా. చించు, పిల్లోడు కనిపెట్టుకోనుండాడు."

వీరన్న చించాడు.

సాయంత్రం పేటకు పోయాడు. పాదిరయ్య ప్రార్థన ముగించాడు. యేసేపును చాప మీద పడుకోబెట్టి గుడ్డ చుడుతున్నారు. కింద ఒక పొర, తల దగ్గర మడత, పైన ఒక పొర. తలవైపు సరిపోయింది. కాళ్ల దగ్గర లాగారు. ఇంకొంచెం లాగారు. తల దగ్గర గుడ్డ జారింది. మళ్ళీ తలవైపు సర్దారు. నాలుగు వేళ్ల మేర పాదాలు బయటే ఉన్నాయి. బేళ్లు మోసి పగిలిన మడమలు, దుమ్ము కడిగినా పోని గీతలు, బొటనవేలి గోరు నల్లగా.

యేసేపు భార్య సంతోషమ్మ ఆ పాదాల దగ్గర కూర్చుంది. ఎవరో "గుడ్డ చాల్లేదే" అన్నారు.

"గుడ్డ తప్పు కాదులే," అంది ఆమె. "వీరన్న కొలిసినాడు, తక్కువెట్ల అయితాది? మనిషి పొడుగు. నేనే ఐదు గజాలు సెప్పాల్సింది. నాదే తప్పు."

అని తన కొంగు నుంచి ఒక పేలిక చించి పాదాలకు చుట్టింది. రంగు చీర. తెల్లటి గుడ్డ కొసన పసుపుపచ్చ పేలిక. వీరన్న ఆ పేలిక మంటిలోకి పోయేదాకా చూశాడు.

తెల్లవారి అంగడి తెరవకముందే తిక్కయ్యతో చెప్పాడు.

"సావుకారీ, యేసేపు కాళ్లు కప్పల్యా గుడ్డ."

తిక్కయ్య అగరొత్తి వెలిగిస్తున్నాడు. "ఎవురన్నా అడిగిరా?"

"అడగల్యా. ఆయమ్మ తన లెక్కే తప్పనుకునింది."

"అనుకునింది గదా. మల్ల నీకేంటికి?" అన్నాడు. అంతలో అతనికీ ఏదో తోచింది. పదిహేనేండ్లు తన బేళ్లు మోసిన మనిషి. "ఒగ పని చెయ్. మూరెడు ముక్క ఇచ్చిరా ఆయమ్మకు..." అగరొత్తి గుచ్చాడు. "వద్దు, వద్దు. ఇస్తే తప్పు మనదని తెలుస్తాది. ఇయ్యకపోతే తెలీదు. ఇయ్యకుండేదే మేలు."

దేవుడి పటానికి దండం పెట్టుకొని గల్లాపెట్టె తెరిచాడు. ఆ మనిషి దయ అంత దూరం వచ్చి, లెక్క చూసుకొని, తిరిగి ఇంటికి పోవడం వీరన్న కళ్లారా చూశాడు.

సంతరోజు అంగడి కిటకిటలాడుతోంది. వీరన్న ఆ రోజు కడ్డీ పట్టలేదు. చొక్కా వేసుకొని, కొనేవాళ్ల మధ్యలోంచి వచ్చి, కొనేవాళ్ల వైపే నిలబడ్డాడు.

"చావుగుడ్డ. నాలుగు గజాలు. నువ్వే కొలువు సావుకారీ."

అంగడి సద్దుమణిగింది. తిక్కయ్య లేచాడు. "ఎవురు పోయిరి వీరన్నా?"

"కొలువు."

నలభై కళ్లు చూస్తున్నాయి. తిక్కయ్య తాను తీసి, కడ్డీ పట్టి, ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో అతను దేన్ని తూచాడో వీరన్నకు అక్షరం అక్షరం తెలుసు. గజం లాగాడు. వేలు బయట పెట్టాడు. ఒక్క వేలు కాదు, రెండు వేళ్లు బయట. రెండో గజానికీ అంతే, నాలుగో గజానికీ అంతే.

"అబ్బ, సావుకారి కొలత వీరన్న కొలతకన్నా మేలబ్బా!" అన్నారెవరో నందవరం మనిషి. తిక్కయ్య సిగ్గుపడుతున్నట్టు తల వంచాడు. జనం ముందు బయటపెట్టిన ఎనిమిది వేళ్లు ఎన్ని సంతలు పనిచేస్తాయో అప్పుడే చూసుకుంటున్నాడు. వీరన్న బేరం లేకుండా డబ్బు పెట్టి గుడ్డ చంకన పెట్టుకున్నాడు.

"ఎవురికప్పా ఇది?" అని ఒక ముసలమ్మ అడిగింది.

"నా యేలికమ్మా. సచ్చి ఆరు నెలలాయె, నేనే చూసుకోల్యా."

పరాచికమనుకొని కొందరు నవ్వారు. అందరికన్నా పెద్దగా నవ్వింది తిక్కయ్య. ఆ నవ్వులోనే, మూటతో గడప దిగుతున్న మనిషిని చూడగానే, ముప్పై ఏండ్ల అలవాటు నోటికి వచ్చేసింది.

"మళ్ళీ రా వీరన్నా, మళ్ళీ రా!"

నవ్వు ఆగిపోయింది.

"చావుగుడ్డ తీసుకున్యోన్ని మళ్ళీ రమ్మంటాడేందే!" అంది ముసలమ్మ. చేతిలోని చీర కింద పెట్టింది. ఆమె వెనక ఇద్దరు లేచారు. "నోరా అది" అంటూ ఇంకొకాయన దిగిపోయాడు. ఖర్చు లేదని ఇన్నాళ్లు పంచిపెట్టిన మాట ఒకటి ఆ రోజు ఖరీదు చెప్పింది. తర్వాత ఏడాది పాటు ఎమ్మిగనూరులో చావుగుడ్డ కోసం ఎవరూ ఆ గడప తొక్కలేదు. గుడ్డ తక్కువ కొలిచినందుకు మాత్రం కాదు. అది ఎవరికీ తెలియనే లేదు.

వీరన్న నేరుగా పేటకు పోయి గుడ్డను సంతోషమ్మ ముందు పెట్టాడు. వేలు బయట, వేలు లోపల, ఆరు నెలలు, అన్నీ చెప్పాడు. ఆమె గుడ్డను ముట్టుకోకుండా అడిగింది:

"ఎన్ని యేళ్లు తక్కువ పెట్టినావు మాకు?"

"లోపల పడి నాలుగు పాయె. బయట ఇయ్యాల్సినవి నాలుగు. ఎనిమిది."

ఆమె గుడ్డ విప్పి, తన బొటనవేలితో ఒకటి, రెండు అని లెక్కపెట్టి, ఎనిమిది కాడ పంటితో గాటు పెట్టి చించింది. ఆ జానెడు ముక్కను మడిచి, కప్పులో యేసేపు హమాలీ బిళ్ళ దోపిన చోటే దోపింది. మిగతాది అతని ముందుకు తోసింది.

"మాకు రావాల్సింది ఇంతే. తక్కింది నీది. ఎత్తుకోపో."

"సంతోషమ్మా..."

"ఆయప్ప నిన్ను నమ్మినాడు వీరన్నా. పో ఇంగ."

వీరన్న ఎత్తుకొని వచ్చాడు. అంగడికి మళ్ళీ పోలేదు. తన వీధివాళ్ల దగ్గర తువ్వాళ్లు, దుప్పట్లు, రవిక గుడ్డలు అడిగి తెచ్చుకొని నందవరం సంతలో పరుచుకున్నాడు. పరిచింది ఆ తెల్లగుడ్డ మీదనే. కర్రతో ఒక గజంబద్ద చేయించుకున్నాడు.

మొదటి సంతలో మొదటి బేరం ఒక ముసలాయన, రెండు గజాల గుడ్డ. వీరన్న లాగాడు, నొక్కాడు. వేలు లోపల పడింది.

ఇక్కడ తిక్కయ్య లేడు. గల్లాపెట్టె లేదు. చూసే కన్ను లేదు. మిగిలే గుడ్డ వీరన్నదే, పోయే గుడ్డా వీరన్నదే. తిక్కయ్యను తలుచుకొని ఉమ్మేయాలనిపించే మనిషికి, ఆ వేలు అక్కడ హాయిగా కూర్చోవడం కనిపించింది.

"యేలు!" అంది పక్కనున్న ఉరుకుందమ్మ.

ముసలాయన ఉలిక్కిపడ్డాడు. వీరన్న వేలు బయటికి జరిపాడు.

అప్పటినుంచి ప్రతి సంతకూ ఆమె కూడా వచ్చింది. ఆకువక్క నములుతూ, అటూ ఇటూ చూస్తూ, బద్ద మీదికి గుడ్డ వచ్చినప్పుడల్లా చూడకుండానే ఆ మాటే అనేది. అదేదో బోణీ మాట అనుకున్నారు జనం. పిల్లలు ఆ అంగడిని 'యేలు అంగడి' అని పిలిచారు. వ్యాపారం గొప్పగా ఏమీ సాగలేదు.

"యేలు!"

"చూస్తానే ఉండా లేవే."

"చూస్తే చాలదు. జరుపు."